రెండు తిరుమలలు, ఒక పగలు

(బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో, కుమార పర్వతం వెళ్ళబోతున్న తెలుగువాళ్ళ కోసం చేసిన ప్రసంగం. ఫోను రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వద్దులెండి. బ్యాంకు కౌంటరు వెనక ముప్పై ఏళ్ళు అరిచిన గొంతు ఇది.

గ్రూపులో పేర్లిచ్చినవాళ్ళు ఇరవై ఇద్దరు. కుమార పర్వతం ఇంతకుముందు ఎక్కినవాళ్ళు చేతులెత్తండి. ఒక్కరు. సరే, కుక్కే సుబ్రహ్మణ్యం వెళ్ళినవాళ్ళు? చూశారా, దాదాపు అందరూ. ఆశ్లేష బలికో, సర్ప సంస్కారానికో వెళ్ళాం, కుమారధారలో కాళ్ళు తడుపుకున్నాం, మబ్బులో తల దాచుకున్న కొండని చూసి ఒక దణ్ణం పెట్టుకుని బస్సెక్కేశాం. ఆ కొండే ఇది.

మొన్న లిఫ్టులో ఒక అబ్బాయి అన్నాడు, "1,712 మీటర్లేగా ఆంటీ, మన బెంగళూరే 900 మీటర్ల మీద ఉంది, సగం ఎక్కేసినట్టేగా" అని. లెక్క బాగుంది. కానీ రాత్రి బస్సు ఏం చేస్తుందో ఆ అబ్బాయి మర్చిపోయాడు. సకలేశ్‌పుర దాటాక మనం నిద్రలో ఉండగా శిరాడి ఘాట్ మలుపులు తిరుగుతూ బస్సు దిగుతూనే ఉంటుంది. తెల్లవారి కుక్కేలో కళ్ళు తెరిచేసరికి సముద్రమట్టానికి 120 మీటర్ల చుట్టుపక్కల ఉంటాం. బెంగళూరు ఇచ్చిన ఎత్తంతా రాత్రికి రాత్రే పోయింది. ఇక పొద్దున ఆరు నుంచి మన కాళ్ళతో ఎక్కాల్సింది 1,600 మీటర్లు.

మనకి అర్థమయ్యే కొలతలో చెప్తాను. అలిపిరి మెట్లు ఎక్కనివాళ్ళు ఈ గదిలో ఉండరు. 3,550 మెట్లు. కింది నుంచి కొండ మీదికి ఎత్తు తేడా ఏడు వందల మీటర్లు, కాస్త అటూ ఇటూ. కుమార పర్వతం అంటే ఒక తిరుమల మీద ఇంకో తిరుమల, ఆపైన రెండు వందల మీటర్ల కొసరు. మోకాళ్ళ పర్వతం దగ్గర మనం ఎలా ఉంటామో గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ మెట్లుండవు, పైన రేకులుండవు, పావుగంటకో సోడా కొట్టు ఉండదు. అసలు తేడా అది కూడా కాదు. తిరుమలకి నడిచి ఎక్కుతాం, దర్శనం చేసుకుంటాం, బస్సులో దిగుతాం. ఇక్కడ దిగాల్సిందీ ఈ కాళ్ళతోనే. ఆ రెండు తిరుమలలూ, అదే రోజు.

నేను మొదటిసారి 2011లో వెళ్ళాను, నవంబరు నెల. మా బ్రాంచి వాళ్ళం ఐదుగురం. శుక్రవారం సాయంత్రం షాపులో కొన్న కొత్త షూస్, జీన్సు ప్యాంటు, లీటరు నీళ్ళ సీసా ఒకటి, నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు. అంతే నా సరంజామా. శేషపర్వతం మీదికి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. అక్కడి నుంచి అసలు శిఖరం ఎదురుగా కనిపిస్తుంది, చెయ్యి చాస్తే అందేలా. అదే మోసం. మధ్యలో అడవిలోకి దిగి, తడి రాతిని పట్టుకుని మళ్ళీ పైకి పాకాలి. "ఇంతదూరం వచ్చి వెనక్కెళ్తామా" అని ఒకాయన అన్నాడు. ఒకాయన ఏంటి లెండి, నేనే అన్నాను. (నవ్వులు) శిఖరం మీద నిలబడేసరికి మూడూ నలభై ఐదు. మబ్బు కమ్మేసి ఏమీ కనిపించలేదు. దారి మధ్యలో అన్నం పెట్టే ఒక ఇల్లుంది, భట్టరమనె అంటారు. దాని దగ్గరికి దిగేసరికి రాత్రి ఏడు. అక్కడి నుంచి ఐదారు కిలోమీటర్లు చిక్కటి అడవి. ఐదుగురికీ కలిపి ఒక్క బటన్ ఫోను టార్చి. ముందున్నవాడు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి వెలుగు పట్టేవాడు, మేం ఒక్కొక్కరం ఆ నాలుగడుగులు వేసేవాళ్ళం. అలా ఊళ్ళోకి వచ్చేసరికి పదీ పావు. బొటనవేళ్ళ గోళ్ళు రెండూ నల్లబడి తర్వాత ఊడిపోయాయి. కొత్తవి పూర్తిగా రావడానికి చాలా నెలలు పట్టింది. మా ఆయన ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతారు.

ఆ తర్వాత ఆ కొండకి ఇంకో ఐదుసార్లు వెళ్ళాను. రెండుసార్లు శిఖరం చూడకుండానే తిరిగొచ్చాను. అందుకే ఈ రోజు మీతో ముఖ్యంగా టైము గురించి, దిగడం గురించి మాట్లాడదామని వచ్చాను. ఎక్కడం సంగతి కొండే నేర్పుతుంది.

టైము లెక్క. నెయిస్మిత్ అని స్కాట్లండ్ కొండలెక్కే ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు. దాన్ని ఇప్పటికీ వాడతారు. బాటలో ప్రతి ఐదు కిలోమీటర్లకీ ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట. కుక్కే వైపు నుంచి శిఖరానికి రమారమి పదమూడు కిలోమీటర్లు. అంటే రెండున్నర గంటల పైచిలుకు. ఎత్తుకి ఇంకో రెండున్నర పైచిలుకు. మొత్తం ఐదుంబావు. ఇది ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. మనం ఆగుతాం, ఫొటోలు తీస్తాం, ఒకళ్ళకి షూ లేసు ఊడుతుంది. ఆరున్నర గంటలు వేసుకోండి. ఆరింటికి మొదలైతే పన్నెండున్నరకి శిఖరం. అక్కడ అరగంట. ఒంటిగంటకి తిరుగుముఖం, దిగడానికి ఐదు గంటలు, సాయంత్రం ఆరు. డిసెంబరులో అక్కడ పొద్దు కుంకేదీ ఆ వేళకే. లెక్కలో చిల్లర మిగిలిందా? పైసా మిగల్లేదు.

మన వైపు సంధ్యవేళ ఎక్కువసేపు నిలవదు. పొద్దు వాలాక చకచకా చీకటి పడుతుంది. కొమ్మలు కప్పేసిన అడవిలో ఇంకా ముందే. బయట గడ్డికొండ మీద ఎండ పచ్చగా ఉన్నప్పుడే లోపల వేర్లు కనిపించడం మానేస్తాయి. అందుకని గట్టిగా చెప్తున్నాను, మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. శిఖరం ఇంకో వంద అడుగుల్లో ఉన్నా సరే. ఈ మాట ఇప్పుడు, ఇక్కడ, ఫ్యాను కింద కూర్చుని ఒప్పుకోవాలి. అక్కడ అడిగితే ఎవరూ ఒప్పుకోరు, నేను ఒప్పుకోలేదుగా.

దిగడానికి ఐదు గంటలెందుకు, జారుడే కదా అంటారు. మోకాలి పైన తొడ ముందు భాగంలో ఉండే కండ దిగేటప్పుడు బ్రేకులా పనిచేస్తుంది. బరువు మోస్తూనే సాగుతుంది. ఎక్కేటప్పుడు కండ ముడుచుకుంటూ పనిచేస్తుంది, అది మనకి కాస్తో కూస్తో అలవాటే. ఇలా సాగుతూ పనిచేయడం అలవాటు లేని కండ లోపల సన్నగా దెబ్బతింటుంది. అందుకే నొప్పి ఆ రోజు కాదు, రెండో రోజు తెలుస్తుంది. శనివారం దిగొస్తారు, సోమవారం ఆఫీసులో కుర్చీలోంచి లేవలేరు. ఒక్కటి మాత్రం మనకి కలిసొచ్చేది ఉంది. ముందు ఒకసారి ఆ దెబ్బ తిన్న కండ తర్వాత కొన్ని వారాలపాటు అంతగా నొప్పెట్టదు. కాబట్టి ఆ నొప్పేదో ఇక్కడే, ఇంటి దగ్గరే పడిపోవాలి.

మన బ్లాకు పద్నాలుగు అంతస్తులు. అంతస్తుకి మూడు మీటర్లు వేసుకున్నా నలభై రెండు. 1,600 మీటర్లంటే మన మెట్లు కింది నుంచి పై దాకా ముప్పై ఎనిమిదిసార్లు. ఒక్కరోజులో అన్నీ చేయమనడం లేదు. మొదటి వారం నాలుగుసార్లు ఎక్కండి, ఆ తర్వాత ఆరు, ఎనిమిది, అలా పదిహేను దాకా వెళ్ళండి. ఒక్క షరతు. కిందికి రావడానికి లిఫ్టు ఎక్కకూడదు. దిగడం కోసమే ఈ సాధన. బ్యాగులో ఐదు కిలోల సోనామసూరి ప్యాకెట్ పెట్టుకోండి, ఆ రోజు మోసే బరువు కూడా సుమారు అంతే. నేను మొదలుపెట్టినప్పుడు మూడో అంతస్తు అంకుల్ రెండుసార్లు తలుపు తీసి లిఫ్టు పాడైందా అని అడిగారు. మూడోసారి ఆయనే చెప్పులేసుకుని నాతో బయల్దేరారు. ఇదిగో, ఇక్కడే కూర్చున్నారు.

ఆదివారాలు శివగంగ, సావనదుర్గ వెళ్ళండి, మంచిదే. కానీ అవి ఎండు రాతికొండలు, షూ అతుక్కున్నట్టు పట్టు దొరుకుతుంది. కుక్కే అడవిలో నేల మీద కుళ్ళిన ఆకు, దాని కింద వేరు, వేరు మీద పాకుడు. అక్కడ కాలు ఎలా పెట్టాలో సావనదుర్గ నేర్పదు. దిగేటప్పుడు అడుగు చిన్నది చేయండి, మోకాలు కాస్త వంచి ఉంచండి, వేరు మీద కాకుండా వేరుకి ఇవతల కాలు పెట్టండి. కర్ర ఉంటే కొంత బరువు దాని మీద దించవచ్చు. మడత కర్రలు కొంటే కొనండి, లేదంటే పక్క నర్సరీలో వెదురు కర్ర దొరుకుతుంది, చాలు.

షూస్ ఈ వారంలోనే కొనేయండి, వెళ్ళే ముందు రోజు కాదు. సాయంత్రం వెళ్ళి కొనండి, అప్పటికి పాదం కొంచెం పొంగి ఉంటుంది. కాలివేళ్ళ ముందు చేతి బొటనవేలు మందం జాగా ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు ప్రతి అడుగుకీ గోరు షూ ముందు భాగాన్ని పొడుస్తుంది. నా గోళ్ళు ఎందుకు పోయాయో ఇప్పుడు తెలిసిందిగా. వెళ్ళే ముందు రెండు రోజులకి గోళ్ళు కత్తిరించుకోండి.

జీన్సు వద్దు. నూలు బనియన్లు కూడా వద్దు. నూలు మంచిదని మన నమ్మకం, బెంగళూరులో నిజమే. ఇక్కడ చెమట పట్టిన ఐదు నిమిషాల్లో ఆరిపోతుంది. చెమట ఆరేటప్పుడే కదా ఒంటికి చల్లదనం వచ్చేది. కుక్కే అడవిలో గాలి అప్పటికే తడితో నిండి ఉంటుంది, చెమట ఆరడానికి చోటుండదు. కారుతుంది, బొట్లు బొట్లుగా రాలుతుంది, ఒళ్ళు మాత్రం చల్లబడదు. తడిసిన జీన్సు తొడల్ని ఒరుసుకుని మంట పుట్టిస్తుంది. జిమ్ముకి వేసుకునే పల్చటి పాలిస్టర్ టీ షర్టు, పొడుగు చేతులది, తేలికైన ప్యాంటు, అంతే. తొడలకి వాజలీన్ రాసుకోవడానికి సిగ్గుపడకండి. బ్యాగులో ఒక పొడి చొక్కా, పల్చటి జాకెట్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి. కిలోమీటరు ఎత్తుకి ఆరేడు డిగ్రీల చొప్పున తగ్గుతుంది కాబట్టి కిందా పైనా పది డిగ్రీల దాకా తేడా. తడి చొక్కాతో శిఖరం మీద గాలికి నిలబడితే పళ్ళు టకటకలాడతాయి.

కొండ మూడు రకాలుగా ఉంటుంది. భట్టరమనె దాకా కప్పు వేసినట్టున్న అడవి, కీచురాళ్ళ రొద, గాలి కదలదు. ఫారెస్టు చెక్‌పోస్టు దాటాక గడ్డికొండలు, నెత్తి మీద ఎండ, నీడకి చెట్టుండదు. టోపీ లేకపోతే ఎక్కువమంది డీలా పడేది ఇక్కడే, అడవిలో కాదు. కల్లుమంటపం అనే రాతి మంటపం, శేషపర్వతం దాటాక లోయల్లో మళ్ళీ పొట్టి చెట్ల అడవి, చలి. 2012లో యునెస్కో పడమటి కనుమల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ కొండ ఉన్న పుష్పగిరి అభయారణ్యాన్ని కూడా అందులో పెట్టింది. ఆ గడ్డికొండల మీంచి ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఎందుకు పెట్టారో తెలుస్తుంది.

నీళ్ళు. మనిషికి మూడు లీటర్లు, తగ్గించడానికి లేదు. ఆ ఉక్కలో గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. భట్టరమనె దగ్గర మళ్ళీ నింపుకోవచ్చు, ఆ పైన వాగులో దొరుకుతాయిలే అని లెక్క పెట్టుకోకండి. ఉత్త నీళ్ళే గడగడా తాగేయడం కూడా తప్పే. చెమటతో ఉప్పు పోతుంది, నీళ్ళు మాత్రమే పోస్తుంటే రక్తంలో ఉప్పు ఇంకా పలచబడుతుంది. తల తిరుగుతుంది, వాంతి వచ్చేట్టుంటుంది. మనిషి నీళ్ళు తక్కువయ్యాయనుకుని ఇంకా తాగుతాడు. మెడికల్ షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చుకోండి. లీటరుకి 20.5 గ్రాముల పొడి ఉంటుంది, అందులో ఉప్పు 2.6, గ్లూకోజు 13.5. డబ్బాల్లో అమ్మే తియ్యటి జ్యూసు దాని బదులు కాదు. మూడు లీటర్లలో ఒకటి ఓఆర్ఎస్ కలిపింది పెట్టుకోండి. పిక్కలు పట్టేశాక తాగడం కాదు, పొద్దున్నుంచే గుక్కెడు గుక్కెడు తాగాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు మీ డాక్టర్ని అడిగి రండి, నన్ను అడక్కండి.

ఆడవాళ్ళకి ఒక మాట. దారిలో బాత్‌రూములు ఉండవని పొద్దున్నుంచి నీళ్ళు మానేసేవాళ్ళని చూశాను. మా కొలీగ్ ఒకామె అలాగే చేసి గడ్డికొండ మీద కళ్ళు తిరిగి కూలబడింది. ఇద్దరిద్దరు కలిసి నడవండి, ఒకరు చున్నీ పట్టుకుంటే సరిపోతుంది. అడవికి సిగ్గు లేదు, మనకెందుకు. కాగితాలూ ప్యాడ్లూ మాత్రం జిప్ కవర్లో వెనక్కి తేవాలి.

తిండికి పెద్దగా చెప్పను, తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. పులిహోర మధ్యాహ్నం దాకా పాడవదు, చింతపండూ నూనే కాపాడతాయి. పల్లీ చిక్కీ, ఖర్జూరం జేబులో ఉండాలి, బ్యాగు అడుగున కాదు. పెరుగన్నం తెస్తానన్న అక్క ఎవరు? వద్దక్కా, ఆ ఉక్కలో పదింటికే పులిసిపోతుంది.

ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న విషయం. జలగలు. కన్నడంలో ఇంబళ అంటారు. అక్కడివాళ్ళని అడిగితే ఆ మాటే చెప్తారు. వానలు వెళ్ళిన కొత్తలో ఎక్కువ, డిసెంబరు చివరికి తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఆకు అంచు మీద అగ్గిపుల్లంత నిలబడి, ముందుకి ఊగుతూ వాసన చూస్తుంటుంది. మనం ఆగితే మూర వేసినట్టు వంగి వంగి షూ మీదికి వచ్చేస్తుంది. కరిచినట్టు తెలియదు. సాయంత్రం సాక్సు విప్పితే లోపల చింతగింజంత ఉబ్బి ఉంటుంది, సాక్సు ఎర్రగా ఉంటుంది. పట్టుకుని లాగకండి, అగ్గిపుల్లతో కాల్చకండి. సన్నటి కొన వైపు గోటితో చర్మానికి అంటి పక్కకి తోస్తే పట్టు వదిలేస్తుంది. తర్వాత రక్తం చాలాసేపు కారుతుంది, కంగారు పడకండి. దాని లాలాజలంలో ఒక పదార్థం ఉంది, అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కడిగి, దూది గట్టిగా అదిమి పెట్టండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందే నాకు చెప్పండి. ప్యాంటు కాళ్ళు సాక్సుల్లోకి దోపుకోవడం, గుడ్డలో ఉప్పు మూట కట్టి షూ మీద అద్దుకోవడం, ఈ రెండూ పనిచేస్తాయి. మా నాన్నగారి ముక్కుపొడి డబ్బా నాకు అక్కడ పనికొచ్చింది, ఇప్పుడు ఎవరి దగ్గరా ఉండదనుకోండి.

నిజం చెప్పాలంటే జలగ కంటే నాకు పిడుదు భయం. ఆవుల చెవుల దగ్గర పట్టుకునే గోమారి లాంటిదే, అడవిలో ఇంకా చిన్నది. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చనిపోతుంటే మొదటిసారి ఒక జ్వరం గుర్తించారు. కన్నడంలో మంగన కాయిలె అంటారు. పిడుదుల వల్ల వస్తుంది, డిసెంబరు నుంచి మే దాకా ఎక్కువ. కుక్కేలో ఉందని చెప్పడం లేదు. కానీ ఆకుల కుప్ప మీద కూలబడకండి, చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికెళ్ళకుండా ఫారెస్టువాళ్ళకి చెప్పండి. గదికి రాగానే స్నానం చేసి మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుం చుట్టూ చూసుకోండి. తర్వాత పది రోజుల్లోపు జ్వరం వస్తే డాక్టరుకి అడవికెళ్ళిన సంగతి చెప్పండి.

పర్మిషన్ విషయం. ముందుగా ఆన్‌లైన్లో టికెట్ తీసుకోవాలి, రోజుకి ఇంతమందే అని పరిమితి ఉంటుంది. వానాకాలంలోనూ, కార్చిచ్చుల భయంతో ఎండాకాలంలోనూ మూసేస్తారు. రాత్రి పైన టెంట్లు వేయనివ్వరు. చెక్‌పోస్టులో బ్యాగులు తెరిచి ప్లాస్టిక్ చూస్తారు. ఏనుగులు తిరిగే అడవి, కాబట్టి తెల్లారకముందే అడుగు పెట్టొద్దు. టికెట్ల పని మన సెక్రటరీ గారు చూస్తున్నారు, ఆధార్ కాపీలు రేపటికల్లా ఆయనకి పంపండి.

హెడ్‌టార్చి మనిషికొకటి. ఐదుగురికి ఒకటి కాదు. మళ్ళీ చెప్తున్నా, మనిషికొకటి, కొత్త బ్యాటరీలు వేసి.

అడగండి. ఆ, మీరు బాబూ. "ఒంటిగంటకి నేను శిఖరానికి పది నిమిషాల దూరంలో ఉంటే?" వెనక్కే. ఇంకెవరు? అమ్మా, దర్శనం ముందా ట్రెక్కు ముందా అంటున్నారా? ట్రెక్కు శనివారం, దర్శనం ఆదివారం పొద్దున. క్యూలో మీ కాళ్ళు ఎలా వంగుతాయో చూద్దాం. (నవ్వులు) అంకుల్, మీకు అరవై నాలుగు కదా? మీరు భట్టరమనె దాకా రండి. అక్కడ వేడి అన్నం, సాంబారు పెడతారు. మేం దిగొచ్చేదాకా అరుగు మీద కూర్చోండి. పై దాకా వస్తారా? అయితే ఈ నెలాఖరులోపు మన మెట్లు పదిహేనుసార్లు, ఎక్కి దిగి చూపించండి, అప్పుడు మాట్లాడదాం. రేపు పొద్దున ఐదున్నరకి బి బ్లాకు మెట్ల దగ్గర ఉంటాను. బియ్యం ప్యాకెట్ మర్చిపోకండి.